కొయ్య కళాఖండాల సంరక్షణ: పాలిమర్, సెల్యులోజ్ పదార్థాలు

## నిర్వచనం, పరిధి

కొయ్య శిల్పాలు, రంగులద్దిన చెక్క పలకలు, చెక్కడపు సామగ్రి, బొమ్మలు, నీటి అడుగు నుంచి వెలికితీసిన ఓడలు కాలక్రమంలో శిథిలమవుతాయి. వాటిని నిలబెట్టడానికి సంరక్షకులు వాడే పదార్థాల్లో ఎక్కువ భాగం పాలిమర్లే. పాలిమర్ అంటే చిన్న అణువులు వందలు, వేల సంఖ్యలో గొలుసుకట్టుగా కలిసి ఏర్పడిన పెద్ద అణువు. ఈ పదార్థాలు చేసే పనులు ప్రధానంగా ఐదు: బోలుపడిన కొయ్యకు లోపలి నుంచి బలమివ్వడం (దృఢీకరణ), విరిగిన ముక్కలను, లేచిన రంగుపొరలను అతకడం, పోయిన భాగాలను పూడ్చడం, మురికిని తొలగించడం, పైపూతగా రక్షణ ఇవ్వడం.

పుట్టుకను బట్టి వీటిని మూడు తరగతులుగా విభజిస్తారు. జంతు చర్మాల నుంచి తీసిన వజ్రం జిగురు, లక్క, పిండి జిగుళ్లు మొదలైనవి సహజ పాలిమర్లు. మొక్కల సెల్యులోజ్‌ను రసాయనికంగా మార్చి తయారుచేసే మిథైల్ సెల్యులోజ్ వంటివి అర్ధ సంశ్లేషిత పాలిమర్లు. పెట్రోరసాయనాల నుంచి తయారయ్యే యాక్రిలిక్, వినైల్, ఎపాక్సీ రెజిన్లు, పాలిఇథిలిన్ గ్లైకాల్ సంశ్లేషిత పాలిమర్లు. ఈ వ్యాసం ముఖ్యంగా చివరి రెండు తరగతులను వివరిస్తుంది.

## కొయ్య నిర్మాణం, క్షీణించే తీరు

కొయ్య కూడా పాలిమర్ల సముదాయమే. పొడి కొయ్య బరువులో 40–50 శాతం సెల్యులోజ్. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం హెమీసెల్యులోజ్, లిగ్నిన్. వేలకొద్దీ గ్లూకోజ్ ప్రమాణాలు వరుసగా కలిసిన సెల్యులోజ్ గొలుసులు సన్నని తంతువులుగా పేరుకుని కణకవచానికి తన్యబలం ఇస్తాయి. హెమీసెల్యులోజ్ ఆ తంతువులను చుట్టుపక్కల పదార్థంతో కలుపుతుంది. లిగ్నిన్ మొత్తం కట్టుబడికి బిగువు, ఒత్తిడిని తట్టుకునే శక్తి ఇస్తుంది.

కొయ్య గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. కొయ్యలోని తేమ సుమారు 30 శాతానికి చేరేవరకు నీరు కణకవచంలోనే ఇముడుతుంది. ఈ పరిధిలోనే కొయ్య ఉబ్బడం, కుంచించుకుపోవడం జరుగుతాయి. మార్పు అన్ని దిశల్లోనూ ఒకేలా ఉండదు. పచ్చికొయ్య పూర్తిగా ఎండినప్పుడు వలయాల వెంట సాధారణంగా 6–12 శాతం, వ్యాసార్థం దిశలో ఇంచుమించు అందులో సగం తగ్గుతుంది. నారపొడవునా తగ్గుదల 0.1–0.2 శాతమే. దుంగతో చేసిన విగ్రహాల్లో నిలువు బీటలు రావడానికి, పలచని పలకలు వంకర తిరగడానికి, వాటిపై ఉన్న సుద్దపొర, రంగుపొర పెచ్చులుగా లేవడానికి కారణం ఈ తేడానే.

కొయ్యను తినే జీవులు దాన్ని వేర్వేరు తీరుల్లో దెబ్బతీస్తాయి. గోధుమ కుళ్లు కలిగించే శిలీంధ్రాలు సెల్యులోజ్‌ను, హెమీసెల్యులోజ్‌ను తిని లిగ్నిన్‌ను చాలావరకు వదిలేస్తాయి. అప్పుడు కొయ్య చదరపు ముక్కలుగా పగిలి, వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. తెల్ల కుళ్లు శిలీంధ్రాలు లిగ్నిన్‌ను కూడా తింటాయి కాబట్టి పీచులాంటి తెల్లని పదార్థం మిగులుతుంది. పుచ్చుపురుగుల పిల్లలు లోపల సొరంగాలు తొలిచి మెత్తని పిండిని వదులుతాయి. పైన చిన్న రంధ్రాలు మాత్రమే కనిపిస్తూ లోపలంతా డొల్లగా మారిన విగ్రహాలు అరుదు కాదు. చెదలు సాధారణంగా నేల నుంచి మట్టి గొట్టాల గుండా వచ్చి మెత్తని భాగాన్ని ముందుగా తింటాయి. చేవదేలిన భాగం ఎక్కువ కాలం నిలుస్తుంది.

నీటిలో, బురదలో ఆక్సిజన్ అందని చోట శిలీంధ్రాలు, కీటకాలు బతకలేవు. అక్కడ బాక్టీరియా చాలా నెమ్మదిగా కణకవచంలోని సెల్యులోజ్‌ను కొరికేస్తుంది. లిగ్నిన్ చట్రం, దాన్ని నింపిన నీరు మిగులుతాయి. వస్తువు చూడటానికి చెక్కుచెదరనట్టే ఉంటుంది. పొడి బరువుకు నాలుగు రెట్లకు మించి నీరున్న కొయ్యను తీవ్రంగా క్షీణించినదిగా లెక్కిస్తారు. దాన్ని అలాగే ఆరనిస్తే, ఆవిరవుతున్న నీటి తలతన్యత బలహీనమైన కణాలను లోపలికి లాగి కూల్చేస్తుంది. ముడతలుపడి కుదించుకుపోయిన ఆ రూపం మళ్లీ తిరిగిరాదు.

## చారిత్రక క్రమం

ఆధునిక రసాయన శాస్త్రానికి ముందు చేతివృత్తులవారు అవిసె నూనె, తేనెమైనం, వజ్రం జిగురు, చేప జిగురు, చెట్ల రెజిన్లతోనే కొయ్యను కాపాడేవారు. 1838లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త అన్సెల్మ్ పాయెన్ మొక్కల నుంచి సెల్యులోజ్‌ను వేరుచేశాడు. 1840ల్లో సెల్యులోజ్ నైట్రేట్ వెలుగులోకి వచ్చింది. అదే శతాబ్దంలో డెన్మార్క్‌లో నీటిలో నానిన కొయ్యను వేడి పటిక ద్రావణంలో ఉంచే పద్ధతి మొదలై, దాదాపు వంద సంవత్సరాల పాటు ఉత్తర యూరప్‌లో కొనసాగింది.

1888లో బెర్లిన్ రాజ మ్యూజియాల్లో ఫ్రీడ్రిక్ రాట్‌గెన్ ఆధ్వర్యంలో రసాయన ప్రయోగశాల ఏర్పడింది. ఆ కాలంలో సెల్యులోజ్ నైట్రేట్ ద్రావణం పూతగా, దృఢీకరణకు ప్రాచుర్యం పొందింది. 1920లో హెర్మన్ స్టౌడింగర్ పెద్ద అణువుల సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన తరువాత సంశ్లేషిత పాలిమర్ల తయారీ శాస్త్రీయ పునాదిపై సాగింది. 1930ల్లో పాలివినైల్ ఎసిటేట్ మ్యూజియాల్లోకి వచ్చింది. 1950ల్లో పాలిఇథిలిన్ గ్లైకాల్‌తో కొయ్య పరిమాణాన్ని స్థిరపరచవచ్చని అమెరికా, స్వీడన్‌లలో జరిగిన ప్రయోగాలు చూపాయి. 20వ శతాబ్దం ద్వితీయార్ధంలో యాక్రిలిక్ రెజిన్లు ప్రధాన స్థానం పొందాయి.

కొన్ని పదార్థాలు వాడుకలోకి వచ్చి, లోపాలు బయటపడి తొలగిపోయాయి. 1950ల నుంచి లేచిన రంగుపొరలకు వాడిన కరిగే నైలాన్ కాలక్రమంలో కరగని స్థితికి చేరింది. దుమ్మును పట్టుకుని నల్లబడింది. 1980ల నాటికి సంరక్షకులు దాన్ని వదిలేశారు. కొత్త పదార్థాన్ని కృత్రిమంగా పాతబరిచి పరీక్షించిన తరువాతే వాడాలన్న నియమం బలపడటానికి ఇటువంటి అనుభవాలు దోహదం చేశాయి.

## పదార్థం ఎంపికకు ప్రమాణాలు

స్థిరత్వం. అమెరికన్ సంరక్షణ శాస్త్రవేత్త రాబర్ట్ ఫెల్లర్ పదార్థాలను మన్నికను బట్టి వర్గీకరించాడు. మ్యూజియం పరిస్థితుల్లో 100 సంవత్సరాలకు పైగా రంగు మారకుండా, కరిగే గుణం కోల్పోకుండా ఉండగలిగేవి ‘ఎ’ తరగతి. 20 నుంచి 100 సంవత్సరాలు నిలిచేవి ‘బి’ తరగతి. అంతకు తక్కువ కాలం నిలిచేవి ‘సి’ తరగతి.

మెత్తబడే ఉష్ణోగ్రత. గాజులా గట్టిగా ఉన్న పాలిమర్ రబ్బరులా మెత్తబడటం మొదలయ్యే స్థాయిని గాజు పరివర్తన ఉష్ణోగ్రత అంటారు. ఇది గది ఉష్ణోగ్రత కంటే తక్కువైతే పూత జిగటగా మారి దుమ్ము పట్టుకుంటుంది, అతుకు బరువుకు జారుతుంది. మరీ ఎక్కువైతే పొర పెళుసుగా ఉండి కొయ్య కదలికలకు పగులుతుంది.

అణుభారం, స్నిగ్ధత. చిన్న గొలుసులున్న పాలిమర్ ద్రావణం పలచగా ఉండి లోతుకు ఇంకుతుంది. పెద్ద గొలుసులున్నది చిక్కగా ఉండి ఎక్కువ బలమిస్తుంది గానీ పైపైనే ఆగిపోతుంది. దృఢీకరణలో ఈ రెంటి మధ్య సమతౌల్యం కీలకం.

తొలగింపు, పునఃచికిత్స. వాడిన పదార్థాన్ని తరువాతి తరం తీసివేయగలగాలన్నది సంరక్షణలో పాత నియమం. అతుకులకు, పైపూతలకు ఇది వర్తిస్తుంది. కణాల్లోకి ఇంకిన రెజిన్‌ను, అది సూత్రరీత్యా కరిగేదే అయినా, వస్తువుకు హాని లేకుండా పూర్తిగా బయటికి తీయడం దాదాపు అసాధ్యం. అందువల్ల 1980ల నుంచి ‘తొలగించగలగడం’ కన్నా ‘మళ్లీ చికిత్స చేయడానికి అడ్డు రాకపోవడం’ అనే ప్రమాణానికి ప్రాధాన్యం పెరిగింది.

వీటికి తోడు పదార్థం కొయ్య రంగును ముదురు చేయకూడదు. ఆమ్లాన్ని విడుదల చేయకూడదు. అసలు రంగుపొరలో ఉన్న జిగురును కరిగించే ద్రావణి అవసరం లేకుండా పనిచేయాలి.

## సంశ్లేషిత పాలిమర్లు

### యాక్రిలిక్ రెజిన్లు

పొడి కొయ్య దృఢీకరణలో అత్యంత విస్తృతంగా వాడే రెజిన్ పారలాయిడ్ బి-72. ఇది ఇథైల్ మెథాక్రిలేట్, మిథైల్ యాక్రిలేట్‌ల సహపాలిమర్. రంగులేనిది, ఫెల్లర్ ‘ఎ’ తరగతికి చెందినది. ఎసిటోన్, టోలీన్, జైలీన్, ఇథైల్ ఎసిటేట్‌లలో కరుగుతుంది. పలచని ద్రావణాన్ని బలం పెంచడానికి, చిక్కని ద్రావణాన్ని అతుకు జిగురుగా వాడతారు. దీని గాజు పరివర్తన ఉష్ణోగ్రత సుమారు 40 డిగ్రీల సెల్సియస్. చల్లని దేశాల్లో ఇది అనుకూలమైన విలువ. వేసవిలో గది వేడి ఆ స్థాయిని దాటే చోట్ల బరువు మోసే అతుకులకు ఇది సరిపోకపోవచ్చు (చూ. భారతదేశం, తెలుగు ప్రాంతాలు).

### వినైల్ పాలిమర్లు, పాలిఆక్సజొలిన్

పాలివినైల్ ఎసిటేట్ ద్రావణ రూపంలోనూ, నీటిలో కలిసిన పాల రూపంలోనూ దొరుకుతుంది. వడ్రంగులు వాడే తెల్ల జిగురు రెండో రకం. దీని మెత్తబడే ఉష్ణోగ్రత 30 డిగ్రీల దరిదాపుల్లో ఉండటంవల్ల పూతగా వాడితే దుమ్ము పట్టే అవకాశం ఎక్కువ. పాలివినైల్ బ్యుటిరాల్ ఆల్కహాల్‌లో కరుగుతుంది, కొయ్యకు గట్టిగా పట్టుకుని మంచి బలం ఇస్తుంది. రంగు పూసిన కొయ్య విషయంలో పాలిఇథైల్ ఆక్సజొలిన్‌కు ఆదరణ ఉంది. ఇది నీటిలోనూ, ఆల్కహాల్‌లోనూ, ఎసిటోన్‌లోనూ కరుగుతుంది. అందువల్ల రంగుపొర దేనికి చెదరదో చూసుకుని దానికి తగిన ద్రావణిని ఎంచుకునే వెసులుబాటు ఉంటుంది.

### పాలిఇథిలిన్ గ్లైకాల్

నీటిలో నానిన కొయ్యకు ఇది ప్రధాన పదార్థం. పేరు పక్కన ఉండే అంకె సగటు అణుభారాన్ని సూచిస్తుంది. 200 నుంచి 600 వరకు ఉన్నవి ద్రవాలు, 1500 ఉన్నది మెత్తని మైనంలా ఉంటుంది, 3000–4000 ఉన్నవి గట్టి మైనంలా ఉంటాయి. చిన్న అణువులు కణకవచంలోకి చొరబడి నీటి స్థానాన్ని ఆక్రమించి కుదింపును అడ్డుకుంటాయి. పెద్ద అణువులు కణాల లోపలి ఖాళీని నింపి గట్టిపడతాయి. ఒకే వస్తువులో బాగా క్షీణించిన వెలుపలి పొర, చెక్కుచెదరని లోపలి చేవ రెండూ ఉన్నప్పుడు తక్కువ, ఎక్కువ అణుభారాల రకాలను వరుసగా ఇచ్చే రెండు దశల పద్ధతి పాటిస్తారు. తేమను పీల్చడం, బరువు పెంచడం, రంగు ముదరడం, ఇనుము సమక్షంలో విచ్ఛిన్నమై ఆమ్లాలు పుట్టించడం దీని లోపాలు.

### గట్టిపడి కరగని రెజిన్లు

ఎపాక్సీ రెజిన్లు రెండు భాగాలు కలిపినప్పుడు రసాయన చర్యతో గట్టిపడతాయి. సూక్ష్మ గాజు గోళాలు కలిపిన ఎపాక్సీ ముద్ద తేలికగా ఉండి, ఉలితో చెక్కడానికి వీలవుతుంది. పెద్ద ఖాళీలను పూడ్చడంలో ఇది ఉపయోగపడుతుంది. తొలగించడం కష్టం కనుక ముందుగా అసలు కొయ్యకు కరిగే రెజిన్ పూత వేసి, దానిపై ఎపాక్సీ పెట్టడం సురక్షిత పద్ధతి. మెలమిన్-ఫార్మాల్డిహైడ్ రెజిన్ నీటిలో నానిన కొయ్య ఆకారాన్ని చాలా కచ్చితంగా నిలుపుతుంది. జర్మనీలోని మైన్జ్‌లో 1981–82లో బయటపడిన రోమన్ ఓడల చెక్కలకు దీన్ని వాడారు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఆర్క్-న్యూక్లియార్ట్ సంస్థ స్టైరీన్-పాలియెస్టర్ ద్రవాన్ని కొయ్యలోకి ఇంకించి గామా కిరణాలతో గట్టిపరిచే పద్ధతిని అభివృద్ధి చేసింది. ఈ రెండు పద్ధతులూ తిరిగి మార్చలేనివి. వేరే మార్గం లేనంతగా శిథిలమైన వస్తువులకే వీటిని పరిమితం చేస్తారు.

## సెల్యులోజ్ పదార్థాలు

### సెల్యులోజ్ ఈథర్లు

సెల్యులోజ్ నీటిలో కరగదు. దాని గొలుసుపై ఉన్న హైడ్రాక్సిల్ సముదాయాల హైడ్రోజన్ స్థానంలో ఇతర రసాయన సముదాయాలను చేర్చితే కరిగే ఈథర్లు వస్తాయి. మిథైల్ సెల్యులోజ్ చల్లని నీటిలో కరిగి, వేడిచేస్తే గడ్డకట్టి, చల్లారితే మళ్లీ ద్రవమవుతుంది. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ నీటిలో చిక్కని జిగురవుతుంది. హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ నీటిలోనే కాక ఆల్కహాల్‌లోనూ కరుగుతుంది. నీటికి చెదిరే రంగులున్న వస్తువులకు ఈ గుణం చాలా అవసరం.

గెట్టీ సంరక్షణ సంస్థ 1990లో ప్రచురించిన ఫెల్లర్, విల్ట్‌ల అధ్యయనం ఈ కుటుంబాన్ని పోల్చి చూసింది. మిథైల్ సెల్యులోజ్, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చాలా స్థిరమైనవిగా, హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ మధ్యస్థంగా, ఇథైల్ సెల్యులోజ్ వంటి సేంద్రియ ద్రావణుల్లో కరిగేవి బలహీనమైనవిగా తేలాయి. ఈథర్ల అతుకుబలం తక్కువ. బరువైన కొయ్య ముక్కలకు అవి చాలవు. పొడిపొడిగా రాలే మాట్ రంగులను మెరుపు రాకుండా నిలబెట్టడం, కాగితం అతికించడం, పూరకాలకు బంధకంగా ఉండటం, శుభ్రపరిచే ద్రావణాలను చిక్కబరచడం వీటి ముఖ్య ప్రయోజనాలు.

### సెల్యులోజ్ నైట్రేట్

త్వరగా ఆరే పారదర్శక జిగురుగా ఇది దశాబ్దాల పాటు చలామణిలో ఉంది. కాలం గడిచేకొద్దీ పసుపుబారి, కుంచించుకుపోయి, నైట్రోజన్ ఆక్సైడ్లను విడుదల చేస్తుంది. తేమతో కలిసి అవి ఆమ్లంగా మారి కొయ్యలోని సెల్యులోజ్‌నే తెంచుతాయి. తేలికగా నిప్పంటుకుంటుంది కూడా. దీర్ఘకాలిక చికిత్సలకు దీన్ని నేడు సిఫారసు చేయడం లేదు.

### కాగితం, సెల్యులోజ్ పొడి

కోజో చెట్టు బెరడు నారతో చేసే పలచని జపాన్ కాగితం కొయ్య సంరక్షణలో నిత్యం వాడేది. ఊడిపోబోతున్న రంగుపొరపై దాన్ని పలచని జిగురుతో అతికిస్తే చికిత్స పూర్తయ్యేవరకు పెచ్చులు రాలకుండా పట్టి ఉంచుతుంది. దీన్ని ముఖావరణ పద్ధతి అంటారు. శుద్ధి చేసిన సెల్యులోజ్ పొడిని మిథైల్ సెల్యులోజ్‌తో కలిపి ముద్దచేసి బీటలు పూడ్చుతారు. ఈ ముద్ద తేలికగా, కొయ్య కంటే మెత్తగా ఉండటం వల్ల కొయ్య ఉబ్బినప్పుడు తాను నలిగి అసలు భాగాన్ని కాపాడుతుంది.

### నానోసెల్యులోజ్

గంధకామ్లంతో సెల్యులోజ్‌లోని క్రమరహిత భాగాలను తొలగిస్తే సూదుల్లాంటి స్ఫటికాలు మిగులుతాయి. వాటి వెడల్పు కొన్ని నానోమీటర్లు, పొడవు సుమారు వంద నుంచి కొన్ని వందల నానోమీటర్లు. యాంత్రికంగా విడదీస్తే పొడవైన నానోతంతువులు వస్తాయి. కొన్ని రకాల బాక్టీరియా నేరుగా స్వచ్ఛమైన సెల్యులోజ్ వలను నేస్తుంది. కొయ్యకు సజాతీయమైన పదార్థం కావడం, తక్కువ మోతాదులో బిగువు పెంచడం వీటి ఆకర్షణ. నీటిలో చిక్కబడటం, లోతుకు చొరబడలేకపోవడం, తేమకు స్పందించడం ఇంకా పరిష్కరించవలసిన సమస్యలు.

### సజాతీయ పాలిశాకరైడ్: చింతగింజల జిగురు

చింతగింజల పప్పులోని ప్రధాన పాలిశాకరైడ్ జైలోగ్లూకాన్. దీని వెన్నెముక సెల్యులోజ్ గొలుసు లాంటిదే. పక్కన జైలోజ్, గెలాక్టోజ్ శాఖలు ఉండటం వల్ల నీటిలో చెదిరి చిక్కని జిగురవుతుంది. వెన్నెముక పోలిక వల్లనే ఇది సెల్యులోజ్ ఉపరితలానికి గట్టిగా అంటుకుంటుంది. దక్షిణ భారత చేతివృత్తుల్లో ఈ జిగురు వాడకం ప్రాచీనమైనది. బూజుకు, కీటకాలకు ఆహారం కావడం దీని బలహీనత.

## ప్రయోగ విధానాలు

చికిత్సకు ముందు కొయ్య జాతి, క్షీణత స్థాయి, పాత మరమ్మతులు, రంగుల స్వభావం పరీక్షిస్తారు. సజీవ కీటకాలుంటే మొదట వాటిని చంపాలి. గాలి చొరనీయని పాలిమర్ సంచిలో వస్తువును ఉంచి ఆక్సిజన్‌ను 0.3 శాతం కంటే తగ్గించి కొన్ని వారాలు నిలపడం విషరహిత మార్గం.

దృఢీకరణ ద్రవ్యాన్ని కుంచెతో, సిరంజితో, బొట్టుబొట్టుగా, ముంచి, లేదా శూన్య గదిలో పీడనం తగ్గించి ఎక్కిస్తారు. పుచ్చిన విగ్రహానికి పురుగు రంధ్రాలే మార్గాలు. సన్నని సూదిని రంధ్రంలో పెట్టి, ద్రావణం పక్క రంధ్రం నుంచి ఉబికి వచ్చేవరకు నెమ్మదిగా ఎక్కిస్తారు. రంగుపొర మీద కారిన చుక్కను ఆరకముందే తుడిచేస్తారు. మొదట పలచని ద్రావణం, తరువాత క్రమంగా చిక్కనిది ఇస్తారు.

ఇక్కడ ఎదురయ్యే ప్రధాన సమస్య తిరుగు వలస. ద్రావణి ఉపరితలం నుంచి ఆవిరవుతున్నప్పుడు లోపలి రెజిన్‌ను వెంట లాక్కువస్తుంది. ఫలితంగా పైన గట్టి, మెరిసే పెంకు ఏర్పడి లోపల బలహీనంగానే ఉంటుంది. నెమ్మదిగా ఆవిరయ్యే ద్రావణిని ఎంచుకోవడం, వస్తువును పాలిథిన్‌తో కప్పి రోజుల తరబడి మెల్లగా ఆరనివ్వడం, పైనున్న అదనపు రెజిన్‌ను ద్రావణితో తుడవడం దీనికి విరుగుడు.

నీటిలో నానిన చిన్న వస్తువులను పాలిఇథిలిన్ గ్లైకాల్ ద్రావణంలో నానబెట్టిన తరువాత గడ్డకట్టించి, శూన్యంలో ఆరబెడతారు. మంచు ద్రవం కాకుండా నేరుగా ఆవిరవుతుంది కాబట్టి తలతన్యత ఒత్తిడి ఉండదు. 2011లో రోన్ నది నుంచి తీసిన 31 మీటర్ల రోమన్ పడవను ముక్కలుగా ఈ పద్ధతిలో ఆరబెట్టి 2013లో ఆర్ల్ నగరంలో ప్రదర్శించారు.

శుభ్రపరచడంలో పాలిమర్ జెల్‌ల పాత్ర పెద్దది. జెల్‌లో బంధించిన ద్రావణి కొయ్యలోకి ఇంకకుండా ఉపరితలంపైనే పనిచేస్తుంది. సెల్యులోజ్ ఈథర్లు, అగరోజ్, జెలాన్, పాలివినైల్ ఆల్కహాల్ ఆధారిత జెల్‌లు వాడుకలో ఉన్నాయి. గట్టిగా నిలిచే జెల్ పలకను ఎత్తితే వెనక అవశేషం దాదాపు మిగలదు. మెత్తని జెల్ అయితే అవశేషాన్ని విడిగా తుడవాలి.

## ప్రసిద్ధ ఉదాహరణలు

వాసా. స్వీడన్ యుద్ధనౌక వాసా 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవులో తన తొలి ప్రయాణంలోనే మునిగింది. బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ. కొయ్యను తొలిచే ఓడపురుగు అక్కడ బతకదు. అందువల్ల 69 మీటర్ల ఓడ, వందలాది చెక్కడపు బొమ్మలు నిలిచాయి. 1961 ఏప్రిల్ 24న ఓడను పైకి తీశారు. 1962 నుంచి 17 సంవత్సరాల పాటు పాలిఇథిలిన్ గ్లైకాల్ ద్రావణాన్ని చల్లారు. ఆ తరువాత దాదాపు తొమ్మిదేళ్లు నెమ్మదిగా ఆరబెట్టారు. 1990లో మ్యూజియం తెరిచారు. 2000 వేసవిలో తేమ పెరిగినప్పుడు కొయ్యపై తెలుపు, పసుపు లవణాలు కనిపించాయి. రేవు అడుగున మురికినీటిలోని గంధకం కొయ్యలో చేరి, తుప్పుపట్టిన ఇనుప మేకుల ఇనుము ఉత్ప్రేరకంగా పనిచేసి గంధకామ్లం పుట్టిందని పరీక్షల్లో తేలింది. 2004లో వాతావరణ నియంత్రణ వ్యవస్థను మెరుగుపరిచారు. తరువాతి దశాబ్దంలో ఐదువేలకు పైగా బోల్టులను తుప్పుపట్టని ఉక్కువాటితో మార్చారు.

బ్రెమెన్ కాగ్, మేరీ రోజ్. 1962లో జర్మనీలోని వేజర్ నదిలో బయటపడిన 1380 ప్రాంతపు వర్తక నౌకకు రెండు దశల గ్లైకాల్ పద్ధతి అనుసరించారు. ఈ పని 1999లో ముగిసింది. 1545లో మునిగి 1982లో పైకి వచ్చిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్‌కు 1994 నుంచి 2013 వరకు మొదట 200, తరువాత 2000 అణుభారపు గ్లైకాల్ చల్లారు.

ఓస్‌బెర్గ్ వస్తువులు. నార్వేలో 1904లో తవ్వితీసిన వైకింగ్ సమాధిలోని చెక్కడపు వస్తువుల్లో అనేకాన్ని పటికతో చికిత్స చేశారు. ఆ పటిక ఆమ్లాన్ని పుట్టించి కొయ్యను లోపల బొగ్గుపొడిలా మార్చింది. వాటిని కాపాడటానికి 2014లో మొదలైన ‘సేవింగ్ ఓస్‌బెర్గ్’ పరిశోధనలో సహజ పాలిమర్ల ఆధారిత కొత్త దృఢీకరణ ద్రవ్యాలను పరీక్షించారు.

వసారి ‘చివరి విందు’. 1966 నవంబర్ 4న ఫ్లోరెన్స్ వరదల్లో జార్జియో వసారి చిత్రించిన ఈ ఐదు పలకల చిత్రం గంటల తరబడి నీటిలో మునిగింది. రంగు జారిపోకుండా వెంటనే పలచని కాగితం, యాక్రిలిక్ రెజిన్‌తో ముఖావరణం చేశారు. కొయ్య ఆరుతూ కుంచించుకుపోయింది, రంగుపొర కుంచించుకుపోలేదు. దశాబ్దాల పాటు చికిత్స సాధ్యంకాక నిల్వలో ఉంచారు. చివరకు ఫ్లోరెన్స్‌లోని ఒపిఫిచియో సంస్థ పలకలను, రంగుపొరను చక్కదిద్దింది. 2016లో, వరదకు 50 సంవత్సరాలు నిండిన సందర్భంలో, చిత్రం సాంతా క్రోచే చర్చి ఆవరణకు తిరిగివచ్చింది.

## భారతదేశం, తెలుగు ప్రాంతాలు

భారతదేశంలో సాంస్కృతిక సంపద సంరక్షణ కోసం జాతీయ పరిశోధన ప్రయోగశాల 1976లో లక్నోలో ఏర్పడింది. దాని ప్రాంతీయ కేంద్రం మైసూరులో ఉంది. హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణ ప్రయోగశాల ఉంది. ఆ మ్యూజియంలోని ప్రసిద్ధ ద్విముఖ కొయ్య శిల్పంలో ఒకవైపు మెఫిస్టోఫిలిస్, మరోవైపు మార్గరెట్టా కనిపిస్తారు. అటువంటి వస్తువులకు తేమ హెచ్చుతగ్గుల నియంత్రణే మొదటి రక్షణ.

తెలుగు ప్రాంతాల్లో వేసవి వేడి అనేక చోట్ల 40 డిగ్రీలు దాటుతుంది. వర్షాకాలంలో, కోస్తాలో ఏడాది పొడవునా తేమ అధికం. చల్లని దేశాల అనుభవంతో రూపొందిన పద్ధతులను యథాతథంగా పాటిస్తే పారలాయిడ్ బి-72 అతుకులు జారవచ్చు, పాలివినైల్ ఎసిటేట్ పూతలు జిగటబారవచ్చు, పిండి జిగుళ్లు, సెల్యులోజ్ పూరకాలు బూజుపట్టవచ్చు. శీతలీకరణ లేని గుడి మండపాలు, చిన్న మ్యూజియాల్లో బరువు మోసే అతుకులకు కొయ్య చీలలు వంటి యాంత్రిక ఆధారాన్ని జోడించడం అవసరం.

స్థానిక వస్తువుల తయారీ పద్ధతి తెలియకుండా ద్రావణి ఎంచుకోకూడదు. కొండపల్లి బొమ్మను తెల్ల పొణికి కర్రతో చెక్కుతారు. చేతులు, తల వంటి భాగాలను ‘మక్కు’తో అతుకుతారు. చింతగింజల పొడి జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద ఇది. రసాయన దృష్టితో చూస్తే జైలోగ్లూకాన్ బంధకంలో సెల్యులోజ్ పూరకం. అతుకుగా, పూడికగా రెండు పనులూ చేస్తుంది. పైన సున్నపు పూత, దానిపై రంగులు వస్తాయి. ఇటువంటి బొమ్మకు నీటి జెల్ వాడితే మక్కు మెత్తబడుతుంది, నీటిరంగులు చెదురుతాయి. ఆల్కహాల్‌లో కరిగించిన హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ ఇక్కడ పరిశీలించదగినది. ఏటికొప్పాక బొమ్మల విషయం దీనికి విరుద్ధం. అంకుడు కర్రను తిప్పుతూ ఒరిపిడి వేడితో లక్క ఎక్కిస్తారు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది కనుక అదే ద్రావణం వాటి పూతను పాడుచేస్తుంది. చేర్యాల ముసుగుల్లోనూ రంపపు పొట్టు, చింతగింజల జిగురు ఉన్నందున తేమ, బూజు, కీటకాల నుంచి రక్షణ ముఖ్యం.

పూజలో ఉన్న కొయ్య విగ్రహాలు, రథాలు మరో కోవకు చెందుతాయి. పూరీ జగన్నాథాలయంలో నవకళేబర సంప్రదాయం ప్రకారం దారు విగ్రహాలను నిర్ణీత సందర్భాల్లో మార్చుతారు. చివరిసారి ఇది 2015లో జరిగింది. ఇటువంటి చోట్ల కొనసాగింపు రూపానికి, ఆచారానికి సంబంధించినది. అసలు కొయ్యనే నిలపాలన్న మ్యూజియం సూత్రం నేరుగా వర్తించదు. అర్చకులు, స్థపతులు, భక్త సమాజంతో సంప్రదించి పరిధి నిర్ణయించడం సరైన పద్ధతి.

## పరిమితులు, నైతిక సూత్రాలు

ఏ పాలిమర్ కూడా పోయిన కణకవచాన్ని తిరిగి సృష్టించదు. దృఢీకరణ పొందిన భాగం, పొందని భాగం తేమకు వేర్వేరుగా స్పందించి వాటి సరిహద్దులో పగుళ్లు రావచ్చు. ఇంకిన రెజిన్ భవిష్యత్తులో కాలనిర్ణయ పరీక్షలకు, కొయ్య జాతి గుర్తింపుకు అడ్డుకావచ్చు. అందుకే చికిత్సకు ముందే నమూనాలు తీసి భద్రపరుస్తారు. టోలీన్, జైలీన్ ఆవిరులు, ఫార్మాల్డిహైడ్, గట్టిపడని ఎపాక్సీ పనిచేసేవారి ఆరోగ్యానికి హానికరం. గాలి ధారాళంగా ఆడే చోట, తగిన ముసుగు, చేతి తొడుగులతోనే వాటిని వాడాలి.

చారిత్రక కొయ్య కట్టడాల రక్షణకు అంతర్జాతీయ కట్టడాల సంరక్షణ మండలి ఐకోమోస్ 1999లో మెక్సికోలో సూత్రాలు ఆమోదించింది. వాటిని సవరించి, విస్తరించిన పత్రాన్ని 2017 డిసెంబర్‌లో ఢిల్లీలో జరిగిన సర్వసభ్య సమావేశం ఆమోదించింది. కనీస జోక్యం, సంప్రదాయ నైపుణ్యాలకు గుర్తింపు, ప్రతి చర్యను నమోదు చేయడం వీటి సారాంశం.

## ప్రాముఖ్యం, ప్రస్తుత దిశ

ఈ పదార్థాలు లేకుంటే నీటి అడుగున దొరికిన ఓడలు, పుచ్చిన విగ్రహాలు, రంగు రాలిన పలకలు తరువాతి తరాలకు అందేవి కావు. ప్రస్తుత పరిశోధన మూడు దిశల్లో సాగుతోంది. మొదటిది పెట్రోరసాయనాలకు బదులు సెల్యులోజ్, లిగ్నిన్, కైటోసాన్ వంటి జీవ పాలిమర్లు. రెండోది కొయ్యలోని ఆమ్లాన్ని తటస్థపరిచే క్షార నానోకణాలను దృఢీకరణ ద్రవ్యంతో కలిపి ఇవ్వడం. మూడోది విష ద్రావణులను తగ్గించే జెల్ పద్ధతులు. నానోకణాలు, జీవ పాలిమర్ల దీర్ఘకాలిక ప్రవర్తన ఇంకా వాస్తవ కాలపరీక్షకు నిలవవలసి ఉంది.

పటిక, సెల్యులోజ్ నైట్రేట్, కరిగే నైలాన్ అన్నీ తమ కాలంలో ఉత్తమమైనవిగా ఎంచినవే. వాటి హాని దశాబ్దాల తరువాతే బయటపడింది. అందువల్ల వాడిన పదార్థం పేరు, గాఢత, ద్రావణి, తేదీ, చికిత్స చేసిన భాగం స్పష్టంగా నమోదై ఉండటం చికిత్సలో అంతర్భాగం. తరువాత వచ్చే సంరక్షకుడు ఏ ద్రావణితో మొదలుపెట్టాలో, దేన్ని తాకకూడదో నిర్ణయించుకునేది ఆ నమోదు ఆధారంగానే.